మేస్త్రీ మా నాన్నతో పార్క్ గ్వెల్‌కి: మొదటి రోజు గేటు దాకా, రెండో రోజు లోపలికి

2025 ఏప్రిల్ 15, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. స్పెయిన్‌లోని బార్సిలోనాలో లరార్డ్ అనే వీధి సగం ఎక్కాక మా నాన్న మూసి ఉన్న ఒక షాపు మెట్టు మీద కూర్చుండిపోయాడు. రెండు అరచేతులతో రెండు మోకాళ్ళూ పట్టుకుని, "మీరెళ్ళి చూసి రండమ్మా, నేనిక్కడే ఉంటాను" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అసలు అంత దూరం వచ్చిందే ఆయన కోసం.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాన్న నలభై ఏళ్ళ పైన తాపీ మేస్త్రీగా పని చేశాడు. ఇప్పుడు అరవై ఏడేళ్ళు. గొంతుక్కూర్చుని గచ్చులు చేసీ చేసీ మోకాళ్ళు అరిగిపోయాయి. అమ్మ పోయి మూడేళ్ళయింది. మార్చి నెలాఖరున ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటికి వచ్చాడు గానీ, టీవీ చూడడు, బయటికి రాడు, కిటికీలోంచి ఎదురింటి గోడ వంక చూస్తూ కూర్చుంటాడు. మా వాడికి ఈస్టర్ సెలవులు, వాడికి ఎనిమిదేళ్ళు. మా ఆయనకి సెలవు దొరకలేదు. బార్సిలోనాలో పార్క్ గ్వెల్ అని పగిలిన టైలు ముక్కలతో కట్టిన పార్కు ఒకటుంది, దాన్ని ఒక మేస్త్రీ చూస్తే ఏమంటాడో వినాలనిపించింది. 14 నుంచి 18 దాకా అని విమానం, హోటలు అన్నీ ముందే తీశాను. పార్కుకి మాత్రం టిక్కెట్టు తీయలేదు. పార్కే కదా, నడిచి లోపలికి వెళ్ళిపోతాం అనుకున్నాను. ఆ ఒక్క పొరపాటుకి మాకు రెండు రోజులు పోయాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగళవారం పొద్దున మెట్రోలోనే మొదటి తడబాటు. పది ప్రయాణాల కార్డు ఒకటి తీస్తే ముగ్గురికీ సరిపోతుందనుకున్నాను. టి-కాజువల్ అంటారు దాన్ని, ఆ యేడు 12.55 యూరోలు. గేటు దగ్గర నేను ఆ ఒక్క కార్డే పట్టుకుని నిలబడితే వెనకాల ఉన్న పెద్దావిడ భుజం తట్టి, వేలు చూపించి "ఒక్కరికే, ఒక్కరికే" అని సైగ చేసింది. అది ఒక మనిషికే చెల్లుతుందట. ముగ్గురూ కలిసి వాడుకోవాలంటే టి-ఫమిలియార్ అని ఎనిమిది ప్రయాణాలది వేరే ఉంది. ఆవిడే మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి నొక్కి ఇచ్చింది. ఆవిడ చెప్పకపోతే తనిఖీలో పట్టుబడి జరిమానా కట్టేవాళ్ళం.

ఆకుపచ్చ లైను, మూడో నంబరు. లెస్సెప్స్‌లో దిగాం. అక్కణ్ణించి ఇరవై నిమిషాల నడక అని ఫోను చూపించింది. ఆ ఇరవై నిమిషాలు కుర్రకాళ్ళకి. మొదట కొంత దూరం పెద్ద రోడ్డు, నేల సమంగానే ఉంటుంది, నాన్న బాగానే నడిచాడు. ఎడమ చేతికి తిరిగి లరార్డ్ వీధిలోకి వచ్చాక కథ మారిపోయింది. ఆ వీధి ఏటవాలు ఫోనులోని మ్యాపులో కనిపించదు. మా గోదావరి జిల్లాల వాళ్ళకి ఎత్తంటే కాలవ గట్టు, లేకపోతే రైలు వంతెన. ఇదేమో ఒక కొండ. పార్కు కట్టిందే ఆ కొండ మీద.

నాన్న అలా కూర్చుండిపోయాక పావుగంట ఆగాం. పక్క షాపాయన లోపల్నించి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చి, ఎంత చెప్పినా డబ్బులు తీసుకోలేదు. మా వాడు తాతయ్య చెయ్యి పట్టుకుని, "నేను లాగుతాను, నువ్వు లే" అన్నాడు. ఆ మాటకి లేచాడు. మొత్తమ్మీద లెస్సెప్స్ నుంచి గేటుకి యాభై నిమిషాలు పట్టింది.

గేటు దగ్గర స్కానరు పట్టుకున్న అమ్మాయి టిక్కెట్టు చూపించమంది. తీసుకోలేదు, ఇక్కడే కొంటాం అన్నాను. ఈ రోజుకి అయిపోయాయి, రేపటికీ అయిపోయాయి అంది. ఆ వారం వాళ్ళకి ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారం. ఊరు ఊరంతా జనం. ప్రతి అరగంటకీ ఇంతమంది అని లెక్క కట్టి పంపిస్తారు. ఆ అమ్మాయి కసురుకోలేదు, నాన్న మోకాళ్ళ వంక చూసి తన వెనకున్న స్టూలు తీసిచ్చింది. కానీ లోపలికి మాత్రం పంపలేదు. ఆ పరిస్థితిలో ఆమె చెయ్యగలిగింది అంతే.

అక్కడే గోడకి ఆనుకుని ఫోనులో వెతికాను. గురువారం 17వ తారీఖు సాయంత్రం ఐదున్నరకి మూడు టిక్కెట్లు కనిపించాయి. పెద్దవాళ్ళకి అప్పుడు 18 యూరోలు. ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకీ, అరవై ఐదు దాటిన వాళ్ళకీ 13.50. ఆరేళ్ళ దాకా పిల్లలకి డబ్బులక్కర్లేదు. మొత్తం 45 యూరోలు. డబ్బు కట్టే చోట కార్డుకి బ్యాంకు వాళ్ళ అనుమతి రావాలి. ఆ సందేశం రావడానికి ఆలస్యమైంది, పైన గడియారం వెనక్కి లెక్కపెడుతోంది. ఈ మూడూ పోతే ఈ ప్రయాణానికి అర్థమే లేదని చేతులు వణికాయి. చివరికి వచ్చింది. బుకింగు ముందే ఇంట్లో కూర్చుని చేసుకోండి. కొండెక్కి, ఎండలో, బ్యాటరీ పన్నెండు శాతం ఉన్న ఫోనుతో చేసుకోకండి.

నేను ఫోనుతో కుస్తీ పడుతుంటే నాన్న స్టూలు మీద లేడు. గుండె గుభేలుమంది. చూస్తే పది అడుగుల అవతల, పార్కు ప్రహరీ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ గోడ చూడ్డానికి టిక్కెట్టక్కర్లేదు. గోధుమ రంగు రాళ్ళు పేర్చి కట్టిన గోడ, పైన ఎర్రవీ తెల్లవీ టైలు ముక్కలు తాపడం చేసిన అంచు, మధ్యమధ్యలో పార్కు పేరు రాసిన గుండ్రటి బిళ్ళలు. నాన్న బొటనవేలితో అతుకులు తడుముతున్నాడు.

"అమ్మాయ్, ఇది మన చైనా మొజాయిక్కే" అన్నాడు.

మా వైపు డాబాల మీద ఎండ వేడి దిగకుండా, వాన కారకుండా పగిలిన తెల్ల టైలు ముక్కలు పరిచి చేస్తారు, దాన్ని చైనా మొజాయిక్ అంటారు. నాన్న అలాంటివి ఎన్ని డాబాలు చేశాడో లెక్క లేదు. ఇక్కడ దాన్నే ట్రెంకడిస్ అంటారని చెప్పాను. పేరు నోట్లో తిప్పుకున్నాడు గానీ పట్టించుకోలేదు. "పైన చూడు, కప్పు వంపు తిప్పాడు. నీళ్ళు నిలవవు, గోడలోకి దిగవు. దొంగ ఎక్కుదామన్నా చెయ్యి జారుద్ది." ఆయన వచ్చిన ఇరవై రోజుల్లో ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదటిసారి. ఆ తర్వాత తాటాకుల్లాంటి ఇనప ఆకులున్న గేటు సందుల్లోంచి లోపలి మెట్ల వైపు చూశాడు. ఎల్లుండి వద్దాం నాన్నా అన్నాను. "ఈ కొండ మళ్ళీ ఎక్కాలా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక చిన్న బస్సు కనిపించింది, 116. లోపల చేతిసంచులతో, తోపుడు బండ్లతో ఆ వీధుల్లో ముసలివాళ్ళే. ఎక్కుదామని అడుగు వేశాను. మా హోటలాయన పొద్దున చెప్పిన మాట గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ బస్సు ఆ కొండ మీద కాపురాలుండే వాళ్ళ బస్సు. మాలాంటి యాత్రికులు ఎక్కీ ఎక్కీ వాళ్ళకే చోటు లేకుండా పోతే, నగర పాలక సంస్థ అడిగించి 2024లో ఆ రూటుని గూగుల్ మ్యాప్స్‌లోంచి తీయించింది. నాన్న మోకాళ్ళలాంటి మోకాళ్ళే వాళ్ళవీ. మెల్లగా దిగి నడిచాం. మీకు కనబడినా దాన్ని వాళ్ళకి వదిలేయండి, వేరే దారి ఉంది.

ఆ వేరే దారి ఏమిటో ఆ రాత్రి కూర్చుని వెతికాను. వల్కార్కా అనే మెట్రో స్టేషను నుంచి వస్తే రోడ్డు మీదే ఎస్కలేటర్లు ఉంటాయి. వింటానికి బాగుంది గానీ వాటి మధ్యలో, వాటి తర్వాతా నడక ఉంది. నాన్నకి అదీ కష్టమే. ఇంకొకటి 24వ నంబరు బస్సు. ప్లాసా కాటలున్యా దగ్గర ఎక్కితే కొండ వెనక వైపు నుంచి చుట్టి కార్మెల్ రోడ్డు మీద, పార్కు పక్క గేటు దగ్గర దింపుతుంది. కొండ బస్సే ఎక్కుతుంది, మనం ఎక్కక్కర్లేదు. ఇది మంగళవారం పొద్దున తెలిసుంటే నాన్న ఆ మెట్టు మీద కూర్చునేవాడు కాదు.

బుధవారం ఎక్కడికీ వెళ్ళలేదు. మందుల షాపులో మోకాళ్ళకి రాసే జెల్లు తొమ్మిది యూరోలు. నాన్న మంచం మీద కాళ్ళు చాపుకుని మా వాడి డ్రాయింగ్ పుస్తకంలో ఏవో గీతలు గీశాడు. ఏంటని అడిగితే "ఆ గోడే" అన్నాడు.

గురువారం నాలుగూ పదికి బస్సెక్కాం. కిటకిటలాడుతోంది. ఒక కాలేజీ కుర్రాడు నాన్నని చూసి లేచి సీటిచ్చాడు. నలభై నిమిషాల్లో దిగాం. గేటు దగ్గరికి ఐదుకే చేరాం గానీ టైము కాలేదని ఆపేశారు. టిక్కెట్టు మీద ఏ టైముంటే ఆ టైము నుంచి అరగంట లోపల వెళ్ళాలి, ముందు పంపరు, అరగంట దాటితే చెల్లదు. గట్టు మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మరుగుదొడ్డి అవసరం ఉంటే ముందే చూసుకోవాలి. లోపల పావుగంట వరసలో నిలబడ్డాం. ఇంకొకటి, ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. మా ముందు ఒక కుటుంబంలో పిల్లాడు బంతి కోసం గేటు దాటితే వాళ్ళమ్మ ఎంత బతిమాలుకోవాల్సి వచ్చిందో చూశాను.

సరిగ్గా ఐదున్నరకి స్కానరు కూసింది. నాన్న టిక్కెట్టు చౌక టిక్కెట్టు కాబట్టి వయసు చూపించమన్నారు. పాస్‌పోర్టు చూపించాను. నిజమైన పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరగాలంటే దొంగల భయం. నేను పాస్‌పోర్టుని లోపలి సంచిలో తాడు కట్టుకుని పెట్టుకున్నాను.

ఆ గేటు నుంచి దారి దాదాపు సమంగా ఉంటుంది. ఇటూ అటూ పైన్ చెట్లు, రాతి స్తంభాల మీద మొక్కలు. ఎక్కడో కీచుకీచుమని గోల. నాన్న తలెత్తి "రామచిలకలు" అన్నాడు. అవి మన చిలకలు కావు, దక్షిణ అమెరికా నుంచి పెంచుకోడానికి తెస్తే తప్పించుకుని ఊరంతా పెరిగిన జాతి. మెడ బూడిద రంగు. ఖర్జూరం చెట్ల నెత్తిన పుల్లలతో గంపలంత గూళ్ళు కట్టుకుంటాయి. మన చిలక తొర్రలో ఉంటుంది కదా. "ఇవి కూడా మేస్త్రీలేరా" అని మనవడికి చూపించాడు.

నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా మైదానంలోకి వచ్చాం. అక్కడ అంచు పొడవునా పాములా వంకర్లు తిరుగుతూ అరుగు. దాని మీద జనం. అరుగు వెనక ఊరు, సగ్రాద ఫమీలియా చర్చి గోపురాలు, వాటి వెనక సముద్రం. అందరూ సముద్రం వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటున్నారు. నాన్న సముద్రం వంక చూడకుండా అరుగు ముందు గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు వద్దంటున్నా కూర్చున్నాడు. ఆ పని చేసేవాడు అలాగే చూస్తాడు.

నేనూ పక్కన కూర్చుని ఆయన చూసినట్టే చూశాను. నీలం ముక్క పక్కన పసుపు ముక్క, దాని పక్కన పువ్వులో సగం, ఆ పువ్వులో మిగతా సగం ఎక్కడా లేదు. ఒకచోట తెల్లగా గుండ్రంగా ఉన్నది ప్లేటు అడుగు భాగం. ముక్కలన్నీ చేత్తో పగలగొట్టినవే, రెండు ముక్కలు ఒకలా లేవు. వంపు దగ్గర ముక్కలు చిన్నవైపోతాయి, సమంగా ఉన్న చోట పెద్దవి. "వంపులో పెద్ద ముక్క పెడితే మూల లేస్తుంది, గుచ్చుకుంటుంది" అన్నాడు. అరచెయ్యి మొత్తం దాని మీద ఆనించి రాశాడు, ఎక్కడా తగల్లేదు. "ఇది ఇంజనీరు చేసింది కాదు. ఒక్కో ముక్క చేతిలో పట్టుకుని, తిప్పి చూసి, ఎక్కడ నప్పుద్దో అక్కడ పెట్టినోడు ఒకడున్నాడు."

ఉన్నాడు. పార్కు గీసినవాడు ఆంటోనీ గౌడీ, ఆ అరుగు మీది ముక్కల పని ఎక్కువగా ఆయన దగ్గర పనిచేసిన జుజోల్ అనే ఆర్కిటెక్టుది. నేను ఆ పేరు చదివి చెబితే నాన్న "జుజోలు" అని రెండుసార్లు అనుకున్నాడు.

అరుగు మీద వెనక్కి ఆనుకుని కూర్చున్నాక ఆయన కళ్ళు నేల మీద పడ్డాయి. ఇంత పని చేసినవాళ్ళు నడిమధ్య నేలంతా మట్టిగా వదిలేశారు. ఇసక కలిసిన ఎర్రటి మట్టి, నడిస్తే బూట్లకి దుమ్ము. నలభై ఐదు యూరోలంటే నాలుగు వేల పైచిలుకు రూపాయలని ఆయనకి లెక్క తెలుసు. "గచ్చు ఎందుకు చెయ్యలేదు?" అన్నాడు. నేను ఫోను తీయబోయాను. "ఉండు, చెప్పకు" అన్నాడు. లేచి మెల్లగా నడుస్తూ నాలుగు వైపులా చూశాడు. అంచుల దగ్గర వంగాడు. వాటం ఎటు ఉందో చూస్తున్నాడు. డాబా పోసేటప్పుడు నీళ్ళు తూము వైపు జారడానికి ఇచ్చే వాలుని మేస్త్రీలు వాటం అంటారు. ఐదు నిమిషాల తర్వాత వచ్చి, "వాటం ఎటూ లేదు. కిందంతా డొల్ల. నీళ్ళు మట్టిలోంచే ఇంకి కిందకి పోవాలి. కింద ఎక్కడో తొట్టి ఉండాలి" అన్నాడు.

అప్పుడు చదివి చెప్పాను. ఆ మైదానం కింద 86 స్తంభాల మండపం ఉంది, మైదానమే దానికి కప్పు. వాన నీళ్ళు మట్టిలో, రాళ్ళ పొరల్లో వడగట్టుకుని, స్తంభాల లోపలి గొట్టాల గుండా దిగి, కింద ఉన్న పెద్ద తొట్టిలో చేరతాయి. 1,200 ఘనపు మీటర్లు, అంటే పన్నెండు లక్షల లీటర్లు. నిండి ఎక్కువైన నీళ్ళు కింద మెట్ల మీదున్న రంగుల బల్లి నోట్లోంచి బయటికి వస్తాయి. నాన్న ముఖం చూడాలి అప్పుడు. పదో తరగతి ఫలితాల్లో పేరు చూసుకున్న పిల్లాడిలా అయిపోయాడు.

అక్కణ్ణించి కిందకి దిగాలి. ఇక్కడొక సంగతి. కార్మెల్ వైపు నుంచి వస్తే ఎక్కే బాధ ఉండదు, నిజమే, కానీ బల్లి దాకా వెళ్ళాలంటే దిగాలి. మోకాళ్ళు అరిగిన వాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే నరకం. ఇది నేను ముందు ఆలోచించలేదు. మెట్లు వద్దని వాలుదారి పట్టుకున్నాం. అది కాస్త చుట్టు, కానీ ఆగుతూ ఆగుతూ దిగొచ్చు.

ఆ దారిలో రాతి వసారా ఒకటి వస్తుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏటవాలుగా వాలిపోయిన రాతి స్తంభాలు. నాన్న ఆగిపోయాడు. "గుండు వేస్తే ఒక్కటీ నిలువుకి లేదు" అన్నాడు. గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి తాడుకి గుండు కట్టి వేలాడదీస్తారు కదా, అది. జీవితమంతా గోడలు నిలువుకి కట్టినవాడికి ఆ స్తంభాలు ఎలా కనిపించాయో ఊహించుకోండి. కాసేపు చూసి, తనే ఒక కాలు వెనక్కి పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, కొండని తోస్తున్నట్టు నిలబడి చూపించాడు. "మట్టి తోస్తోంది కదా. మనిషి ఎలా నిలబడతాడు? ఇలాగే వాలతాడు. అది తప్పు కాదు, సరైన నిలువు ఇదే." ఆ రాళ్ళన్నీ ఆ కొండ తవ్వినప్పుడు వచ్చినవే. ఎక్కణ్ణించో తేలేదు.

ఆ వరసలో ఒక స్తంభం మాత్రం వేరుగా ఉంది. ఆడమనిషి. నెత్తి మీద బరువు పెట్టుకుని నిలబడింది. చాకలామె అంటారు అక్కడ, వసారా పేరు కూడా ఆమెదే. మా వాడు "తాతయ్యా, ఈవిడెవరు?" అని అడిగాడు. నాన్న జవాబివ్వలేదు. ఆమె నెత్తి మీది బరువు వంక చూస్తూ ఉండిపోయాడు.

మా అమ్మ నాన్నతో పాటే పనికి వెళ్ళేది. నాన్న పరంజా మీద, అమ్మ కింద. మాలు కలిపి, బొచ్చెలో ఎత్తి, నెత్తిన పెట్టుకుని ఎక్కి అందించేది. నాకు ఏడేళ్ళప్పుడు పాలకొల్లులో ఒక మేడ కడుతుంటే ఇసక కుప్ప మీద ఆడుకుంటూ అమ్మని చూసింది నాకు గుర్తుంది. సిమెంటు నీళ్ళు చెంపల మీద కారి ఎండిపోయి తెల్లగా చారలుండేవి.

"చుట్ట కుదురు లేకుండా పెట్టుకుంది, పాపం" అన్నాడు నాన్న, అంతసేపటికి. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. జనం మా పక్క నుంచి వెళ్తూనే ఉన్నారు. పది నిమిషాలు అక్కడే నిలబడ్డాం. అమ్మ పోయాక ఆయన ఆమె గురించి నా ముందు మాట్లాడిన మొదటి మాట అదే.

కింద స్తంభాల మండపం చల్లగా ఉంటుంది. ఆ నీడలోకి రాగానే ప్రాణం లేచొచ్చింది. అది అసలు సంత కోసం కట్టింది. ఎందుకంటే ఇది మొదట పార్కు కాదు. యుసేబీ గ్వెల్ అనే పెద్ద పారిశ్రామికవేత్త, 1900లో ఈ కొండ మీద డబ్బున్నవాళ్ళకి ఇళ్ళ స్థలాలు వేశాడు. అరవై ప్లాట్లు. మా వాడికీ నాన్నకీ అర్థమయ్యేలా చెప్పాలంటే గేటు, కాపలా, సంత అన్నీ ఉన్న వెంచరు. ఊరికి దూరం, కొండ, పెద్దగా ఎవరూ కొనలేదు. రెండిళ్ళే లేచాయి. 1914లో పని ఆపేశారు. గ్వెల్ 1918లో పోయాక నగరం కొనుక్కుని 1926లో అందరి పార్కు చేసింది. "అరవైలో రెండా!" అని నాన్న నొచ్చుకున్నాడు. ఆగిపోయిన వెంచర్లలో ఆయన సగం కట్టి వదిలేసిన గోడలు ఎన్నో ఉన్నాయి. కూలి డబ్బులు రాని రోజులూ ఉన్నాయి.

ఆ రెండిళ్ళలో ఒకటి గులాబీ రంగు ఇల్లు. అందులో గౌడీయే 1906లో ముసలి తండ్రినీ మేనకోడలినీ తీసుకుని కాపురానికి వచ్చాడు. ఆయన తండ్రి రాగి పాత్రలు చేసే కంచరి. ఆ యేడే పోయాడు. పనిముట్లు పట్టుకున్న ఆ తండ్రి చేతుల్లోంచే కొడుకు ఇదంతా నేర్చుకున్నాడని నాన్న తేల్చేశాడు. ఆ ఇంట్లోకి వెళ్ళలేదు, దానికి వేరే టిక్కెట్టు, మాకు ఓపిక లేదు. మూడు శిలువల దిబ్బ కూడా ఎక్కలేదు.

మండపం కప్పు మీద పెద్ద పెద్ద గుండ్రటి ముక్కల పని ఉంది, సూర్యుళ్ళలా. తలెత్తి చూసి చూసి మెడ పట్టేసింది. నాన్న మాత్రం ఒక్కో స్తంభానికి చెవి ఆనించి చూశాడు, నీళ్ళ చప్పుడేమైనా వినిపిస్తుందేమోనని.

బల్లి దగ్గర మాత్రం కొంచెం నిరాశ. పుస్తకాల్లో, అయస్కాంతం బొమ్మల్లో చూసి పెద్దదనుకుంటాం. మెట్ల మధ్యన, మనిషి పొడవు కన్నా కాస్త ఎక్కువ, అంతే. చుట్టూ ఫోటోల కోసం తోపులాట. మా వంతు రావడానికి పన్నెండు నిమిషాలు. చెయ్యి వేయబోతే కాపలా మనిషి వద్దని చెప్పాడు, మంచి పనే చేశాడు, ఇన్ని లక్షల చేతులు తగిలితే ఏముంటుంది? ఫోటోలో మా వాడు నవ్వుతున్నాడు, నేను నవ్వుతున్నాను, నాన్న వంగి బల్లి నోట్లోకి చూస్తున్నాడు.

ఏడుంపావుకి కింది గేటులోంచి బయటపడ్డాం. మళ్ళీ బస్సు కోసం కొండెక్కే ఓపిక ఎవరికీ లేదు. నలుపు పసుపు టాక్సీ పిలిస్తే హోటలుకి 14 యూరోలయింది. పెద్దవాళ్ళతో వెళ్తే వెళ్ళడానికి 24 బస్సు, రావడానికి టాక్సీ అని ముందే లెక్క వేసుకుని డబ్బు పక్కన పెట్టుకోండి.

రాత్రి మోకాళ్ళకి జెల్లు రాస్తుంటే నాన్న అడిగాడు. "ఆ టిక్కెట్టు రేపు పనికొస్తుందా?"

"లేదు నాన్నా, ఒక్కసారికే. అయినా రేపు పొద్దున్నే మన విమానం."

"అది కాదమ్మా," అన్నాడు, "వాన పడ్డప్పుడు చూడాలి. మట్టిలో పడిన నీళ్ళు ఆ బల్లి నోట్లోకి రావడానికి ఎంతసేపు పడుతుందో."